ఫైల్ సిస్టమ్‌లో ఎర్రర్ వస్తే సర్వర్ ఏం చేయాలో ముందే చెప్పి ఉంచడం ఎలా?

ఏ ఫైల్ డిస్క్ మీద ఎక్కడుందో చెప్పే లెక్క తప్పిందని లైనక్స్ కెర్నెల్ కనిపెట్టే సమయానికి మీరు నిద్రలో ఉండొచ్చు. అది మిమ్మల్ని లేపి అడగదు, ముందే పెట్టి ఉన్న సెట్టింగ్ చూసుకుంటుంది. ఈఎక్స్‌టీ4లో (లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఫైల్ సిస్టమ్) ఎవరూ ఏమీ మార్చకపోతే ఆ సెట్టింగ్ 'కంటిన్యూ'. అంటే లాగ్‌లో ఒక లైన్ రాసి, ఏమీ జరగనట్టు పని సాగిస్తుంది. నన్నడిగితే ఇదే అన్నిటికన్నా ప్రమాదం: పాడైన లెక్కల్ని నమ్మి కొత్త డేటా రాస్తే, బాగున్న ఫైళ్లూ పోతాయి.

ముందు ఇప్పుడేముందో చూడండి. ట్యూన్2ఎఫ్ఎస్ కమాండ్‌ని చిన్న 'ఎల్' ఆప్షన్‌తో, పార్టిషన్ పేరిచ్చి, రూట్‌గా నడపండి. వచ్చినదాంట్లో 'ఎర్రర్స్ బిహేవియర్' అనే లైన్ వెతకండి.

మార్చడానికి అదే కమాండ్‌కి చిన్న 'ఈ' ఆప్షన్, దాని పక్కన 'రీమౌంట్-ఆర్ఓ' ఇవ్వాలి. ఎర్రర్ రాగానే ఆ పార్టిషన్ చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా మారిపోతుంది. చాలా సర్వర్లకి ఇది చాలు. తర్వాత ఈటీసీ డైరెక్టరీలోని ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్ కూడా చూడండి, ఏ పార్టిషన్‌ని ఎలా మౌంట్ చేయాలో (వాడకానికి జోడించాలో) అందులోనే ఉంటుంది. అక్కడ 'ఎర్రర్స్=' అని ఇంకేదైనా రాసి ఉంటే చెల్లేది అదే.

మూడోది 'ప్యానిక్', మెషీన్ మొత్తం ఆగిపోతుంది. పని అందుకోవడానికి ఇంకో సర్వర్ సిద్ధంగా ఉంటేనే దీని జోలికి వెళ్లండి. సిస్‌కంట్రోల్‌లో (కెర్నెల్ సెట్టింగ్‌లు చూసే, మార్చే కమాండ్) 'కెర్నెల్.ప్యానిక్' విలువ 0 ఉంటే ఆగిన మెషీన్ అలాగే ఉండిపోతుంది. 10 పెడితే 10 సెకన్లకి రీబూట్ అవుతుంది.

ఎక్స్ఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ వాడేవాళ్లకి ఈ మూడింటి బెడద లేదు. మెటాడేటా (ఫైళ్ల గురించిన ఆ లెక్కలు) పాడైందని తెలిస్తే అది తనంతట తనే మూతపడుతుంది.

రీడ్-ఓన్లీ అయిన సర్వర్‌తో ఒక చిక్కుంది. పింగ్‌కి బదులిస్తుంది, పేజీలు కూడా తెరుచుకోవచ్చు, లాగ్ మాత్రం డిస్క్ మీద పడదు. కాబట్టి మానిటరింగ్‌లో ఒక చిన్న ఫైల్ రాసి చూసే చెక్ పెట్టండి. అలర్ట్ వచ్చినప్పుడు టెన్షన్‌లో వెంటనే రీడ్-రైట్‌గా మౌంట్ చేయకండి. ముందు డీమెసేజ్ కమాండ్‌తో కెర్నెల్ ఏమందో చదవండి, డేటా ఇంకోచోటికి కాపీ చేసుకోండి, పార్టిషన్‌ని అన్‌మౌంట్ చేశాకే ఎఫ్ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ని పరీక్షించి సరిచేసే కమాండ్) నడపండి. సిస్టమ్ ఉండే రూట్ పార్టిషన్‌ని మెషీన్ నడుస్తుండగా అన్‌మౌంట్ చేయలేం కాబట్టి, రెస్క్యూ డిస్క్‌తో బూట్ చేసి అక్కడినుంచి నడపాలి.