ప్రేమ చూసి నిర్ణయం తీసుకోవడం ఎలా, ఎక్కడ దెబ్బ తింటాం

నాన్నగారి రిపోర్ట్ బాలేదు, చెప్పాలా దాచాలా? అబద్ధం పాపం, చెప్పేయండి అంటారు కొందరు, ప్రేముంటే దాచండి అంటారు ఇంకొందరు. ఈ రెండో దారికి పుస్తకరూపం ఇచ్చింది జోసెఫ్ ఫ్లెచర్, అమెరికాలో ఎపిస్కోపల్ చర్చి ప్రీస్ట్, 1966లో సిట్యుయేషన్ ఎథిక్స్ అని రాశాడు. రూల్స్‌కి విలువ ఇవ్వండి కానీ ప్రేమకి అడ్డొస్తే పక్కన పెట్టండి అంటాడు.

ఇది వాడాలనుకుంటే ముందు ప్రేమంటే ఏంటో తేల్చుకోండి. ఇక్కడి ప్రేమ అగాపే అనే గ్రీకు మాట, అంటే మనకి నచ్చని మనిషికి కూడా మేలు కోరడం, అంతేగానీ జాలో మమకారమో కాదు. కాబట్టి నాకు ఏడుపొస్తోంది, నా మనసు ఒప్పుకోవట్లేదు, ఇవేవీ కారణాలు కావు.

తర్వాత, దీనివల్ల ఎవరెవరి మీద ప్రభావం పడుతుందో రాసుకోండి, ఎదురుగా లేనివాళ్ళతో సహా. న్యాయం అంటే పంచిన ప్రేమే అన్నాడు ఫ్లెచర్, బాగుంది, కానీ ఇద్దరి మేలు ఒకదానికొకటి అడ్డం పడినప్పుడు ఎలా పంచాలో మాత్రం తేలదు.

అసలు కష్టం ఇక్కడుంది, దీని మీద టైమ్ పెట్టండి. నాన్నగారు తట్టుకోలేరు అంటాం, కానీ చాలాసార్లు ఆయన మొహం చూస్తూ చెప్పడం తట్టుకోలేనిది మనమే, ఆ భయానికి ప్రేమ అని పేరు పెట్టేసి హాయిగా ఉంటాం. స్కాట్లాండ్ వేదాంతి విలియం బార్‌క్లే చెప్పింది కూడా దాదాపు ఇదే, మనుషులంతా పుణ్యాత్ములైతే ఈ పద్ధతి చక్కగా నడుస్తుంది, పైగా ఫ్లెచర్ చూపించిన ఉదాహరణలన్నీ ఎప్పుడో అరుదుగా వచ్చేవి అని. మేలు కోసం కీడు చేద్దాం అనే మాటని అపొస్తలుడు పౌలు బైబిల్లో రోమా పత్రిక 3:8లోనే ఖండించాడు, 12వ పయస్ పోప్ కూడా 1952లో ఇలాంటి ఆలోచనని తప్పుబట్టాడు. ఇంకోటి, ఫలితం మనం అనుకున్నట్టే వస్తుందని గ్యారంటీ ఏముంది, రేపు నాన్నగారికే తెలిస్తే?

అందుకే అమెరికా క్రైస్తవ నీతిశాస్త్రవేత్త పాల్ రామ్సే దారి నాకు నచ్చుతుంది, ఈ ఒక్క పని ప్రేమా కాదా అని కాకుండా ఏ రూల్ అందరూ పాటిస్తే ప్రేమ నిలుస్తుందో చూడమంటాడు. నిజం చెప్పడాన్నే రూల్‌గా పెట్టుకోండి, దాచాలంటే గట్టి కారణం చూపించాల్సింది దాచేవాళ్ళే.

ఇక నాన్నగారి సంగతి, ఆయన తరఫున మీరే ఊహించుకోకుండా పక్కన కూర్చుని అడగండి: "నాన్నా, డాక్టర్ చెప్పిందంతా వినాలనుందా, కొంచెం కొంచెంగా చెప్పమంటారా?"