బడి చుట్టూ గాలి – 3వ పాఠం: లోపలా, బయటా?

పోయిన పాఠంలో బడి చుట్టూ రెండు కిలోమీటర్ల మేర ఏమేం ఉన్నాయో మ్యాపు మీద గుర్తు పెట్టమన్నాను. విశాఖలోని గాజువాక, మల్కాపురం టీచర్లకి ట్యాంకులు, పైపులైన్లు వెంటనే కనబడి ఉంటాయి. మిగతావాళ్లు "మా దగ్గర ఏమీ లేవండీ" అనేముందు ఐస్ ఫ్యాక్టరీ, రొయ్యల ప్లాంటు ఉన్నాయేమో మరోసారి చూడండి. వాటిలో శీతలీకరణకి అమ్మోనియా వాడతారు. నీటిశుద్ధి కేంద్రం ఉంటే క్లోరిన్ సిలిండర్లు ఉండొచ్చు.

ఈసారి నేర్చుకునేది ఒకటే: గ్యాస్ లీకైందని తెలిస్తే పిల్లల్ని గదుల్లో ఉంచాలా, బయటికి నడిపించాలా?

2020 మే 7న విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో, ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) లీకైంది తెల్లవారుజామున. లాక్‌డౌన్ కాబట్టి బడులు లేవు. 12 మంది చనిపోయారు. ఇళ్లలోంచి పరిగెత్తినవాళ్లలో కొందరు రోడ్డు మీదే స్పృహ తప్పి పడిపోయారు. స్టైరీన్ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు, క్లోరిన్ దాదాపు రెండున్నర రెట్లు. ఇలాంటివి నేలబారున పాకుతాయి, పల్లంలో నిలుస్తాయి. ఒకటో తరగతి పిల్లల ముక్కు మన నడుము ఎత్తులో ఉంటుంది. పైగా వాళ్లు మనకన్నా వేగంగా ఊపిరి తీస్తారు.

మన బడుల్లో డ్రిల్ అంటే మంటల డ్రిల్లే. గంట కొడితే అందరూ గ్రౌండులోకి. గ్యాస్ వచ్చినప్పుడు ఈ అలవాటే కొంప ముంచుతుంది. అందుకని గ్యాస్‌కి వేరే గుర్తు పెట్టుకోండి. గంట కాదు, ఈల అయినా సరే.

వాసన అప్పటికే ఆవరణలోకి వచ్చేస్తే లోపలే ఉండాలి. పై అంతస్తు గది మేలు. తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాన్లు, ఏసీ ఆపేసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కాలి. గ్యాస్ ఇంకా దూరంగా ఉండి, అధికారులు వెళ్లమంటేనే బయటికి. అప్పుడు కూడా గాలితోపాటు పరిగెత్తకూడదు, అదీ మన వెంటే వస్తుంది. గాలికి అడ్డంగా నడవాలి. పడమటి గాలైతే ఉత్తరానికో దక్షిణానికో, మ్యాపులో ఏ దారి ఖాళీగా ఉంటే అటు.

తడిగుడ్డ ముక్కుకి కట్టుకుంటే చాలనే నమ్మకం ఒకటుంది. అమ్మోనియా నీళ్లలో బాగా కరుగుతుంది కాబట్టి కొంత ఆగుతుంది. స్టైరీన్ నీళ్లలో కరిగేది చాలా తక్కువ. తడిగుడ్డనే నమ్ముకుని బయటికి రాకండి.

ఇక అభ్యాసం. పాత చున్నీలోంచి సన్నటి పీలిక చింపి, డాబా మీద కర్రకి కట్టండి. ప్రార్థన సమయంలో, భోజనం గంటకి, బడి వదిలేటప్పుడు అది ఎటు ఎగురుతోందో రెండు వారాలు రాయించండి. ఎనిమిదో తరగతి పిల్లలకి అప్పజెప్తే మనకన్నా శ్రద్ధగా రాస్తారు. మామూలుగా మధ్యాహ్నం సముద్రం నుంచి ఊరివైపు, రాత్రి నుంచి పొద్దున దాకా నేల నుంచి సముద్రంవైపు వీస్తుంది. వానాకాలంలో ఈ లెక్క తప్పుతుంది. ఫోను చూపించే దిశ ఊరంతటికీ కలిపి; మీ డాబాకీ పక్కనున్న కొండకీ మధ్య గాలి సంగతి దానికి తెలియదు.

తర్వాత, మీరు ఎంచుకున్న గది తలుపులు మూసి, అంచుల వెంబడి అగరుబత్తి తిప్పండి. పొగ ఎక్కడ వంకర తిరిగితే అక్కడ సందు ఉన్నట్టే. చాలా బడుల్లో ఈ పరీక్ష దాకా కూడా వెళ్లనక్కర్లేదు, కిటికీ రెక్కలే ఉండవు. ఆ జాబితా హెడ్మాస్టరు గారికి రాసివ్వండి.

చాలామంది మర్చిపోయేది ఇంకొకటి: ప్రమాదం తప్పిందని అధికారులు చెప్పగానే కిటికీలన్నీ తెరిచి పిల్లల్ని బయటికి తేవాలి. సందుల్లోంచి దూరిన గ్యాస్ గదిలోనే ఉండిపోతుంది.

తల్లిదండ్రులు గేటు దగ్గరికి పరిగెత్తుకొస్తారు, రాకుండా ఎలా ఉంటారు? వాళ్లకి ముందే ఏం చెప్పాలి, గేటు దగ్గర ఎవరు నిలబడాలి అన్నది నాలుగో పాఠం. అప్పటికి గాలి లెక్కల పుస్తకం దగ్గర పెట్టుకోండి.