పిల్లలపై ఆన్‌లైన్ వేధింపులు: హైదరాబాద్‌లో ఫిర్యాదు ఎలా ఇవ్వాలి

మా అక్క కూతురు పదో తరగతిలో ఉండగా ఎవరో తన ఫొటోతో ఇన్‌స్టాగ్రామ్‌లో దొంగ అకౌంట్ తెరిచారు. క్లాస్ వాట్సాప్ గ్రూపులో దాని మీద రోజూ వెకిలి మాటలు. విషయం తెలిసిన రాత్రి కోపం పట్టలేక మేం ఆ గ్రూపు మెసేజ్‌లన్నీ డిలీట్ చేశాం. తర్వాత ఫిర్యాదు రాద్దామని కూర్చుంటే చూపించడానికి ఏమీ మిగల్లేదు. అందుకే ముందుగా ఈ మాట: ఏదీ చెరపకండి, పిల్లల ఫోన్ లాక్కోకండి.

మొదట ఆధారాలు దాచాలి. స్క్రీన్‌షాట్‌లో తేదీ, టైమ్, పంపినవారి యూజర్‌నేమ్ కనిపించాలి. ప్రొఫైల్ లింకు కూడా కాపీ చేసుకోండి. పైకి కనిపించే పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు కాబట్టి అదొక్కటే చాలదు. ఇవన్నీ భద్రపరిచాకే ఆ యాప్‌లో రిపోర్ట్ కొట్టి, బ్లాక్ చేయండి.

ఫిర్యాదు ఇచ్చే చోటు కేంద్ర హోంశాఖ పోర్టల్, సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్. ఫీజు లేదు. పిల్లల తరఫున తల్లిదండ్రులు ఇవ్వచ్చు. మొబైల్‌కి వచ్చే ఓటీపీతో లాగిన్ అయి, రాష్ట్రం దగ్గర తెలంగాణ ఎంచుకోండి. అసభ్య ఫొటోలు, వీడియోలు ఉంటే మహిళలు, పిల్లల విభాగంలోకి వెళ్లాలి. తిట్లు, బెదిరింపులు, దొంగ ప్రొఫైళ్లయితే ఇతర సైబర్ నేరాల్లో సోషల్ మీడియా కింద చూడండి. సైబర్ బుల్లీయింగ్ అక్కడ కనిపిస్తుంది.

అసలు కష్టం వివరం రాసే పెట్టె దగ్గరే. కనీసం 200 అక్షరాలు రాయాలి. స్టార్, హ్యాష్ లాంటి గుర్తులు పెడితే తీసుకోదు. "మా పాపను వేధిస్తున్నారు" అంటే పోలీసులకు కొస దొరకదు. ఏ తేదీన, ఏ యాప్‌లో, ఏ అకౌంట్ నుంచి, ఏమన్నారో వరసగా రాయండి. పాపనో బాబునో పక్కన కూర్చోబెట్టుకోండి, ఆ వరస వాళ్లకే తెలుసు. వాళ్లు మధ్యలో ఆగిపోతే మీరూ ఆగండి, తొందర పెట్టకండి. సబ్మిట్ చేశాక వచ్చే అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్ రాసి పెట్టుకోండి. కేసు ఎంతవరకు వచ్చిందో దాంతోనే చూసుకోవచ్చు.

ఆన్‌లైన్ కుదరకపోతే దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. మా పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, ఏ స్టేషన్‌లోనైనా రాసుకోవాలి. ఆడపిల్లలకు షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు ఉన్నాయి. ఇప్పుడే ప్రమాదం అనిపిస్తే 112. బెదిరించి డబ్బు గుంజితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఒక్క జాగ్రత్త మరిచిపోకండి. పిల్లల నగ్న చిత్రం ఏదైనా బయటికొస్తే "చూడండి, ఇలా చేశారు" అంటూ పేరెంట్స్ గ్రూపులో పెట్టకండి. దాన్ని ఇంకొకరికి పంపడం కూడా ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరమే. అలాంటి చిత్రాలను ఆన్‌లైన్ నుంచి తొలగించడానికి 18 ఏళ్లలోపు వారికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. అందులో ఫొటో మన ఫోన్ దాటి వెళ్లదు, దాని గుర్తు కోడ్ మాత్రమే వెళ్తుంది.

వేధించింది తోటి విద్యార్థే అయితే, 18 నిండని ఆ పిల్లల విషయం జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. వాళ్లను లాకప్‌లో పెట్టరు. ఆ పిల్లవాడి జీవితం ఏమైపోతుందోనన్న భయంతో ఫిర్యాదు ఆపుకునే తల్లులకు ఇది తెలియాలి.

ఫిర్యాదు నడుస్తుండగానే పాప తిండి, నిద్ర గమనించండి. టెన్షన్ తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, పగలూ రాత్రీ పలుకుతారు. పిల్లలే స్వయంగా మాట్లాడాలనుకుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.