తెలుగు పేజీ గూగుల్‌లో రావడం లేదా? ర్యాంకు సంగతి తర్వాత, ముందు ఇవి చూడండి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు దుకాణాల సైట్లు బాగుచేస్తుంటాను. దాదాపు ప్రతి యజమానీ ఒకే మాటతో మొదలుపెడతారు: ర్యాంకు రావడం లేదు, బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మన సైటుకు వచ్చే లింకులు) కొందామా? వద్దు. ముందు ఆ పేజీ గూగుల్ దగ్గర ఉందో లేదో చూడండి. ఇండెక్స్‌లో, అంటే గూగుల్ చదివి దాచుకున్న పేజీల జాబితాలో, లేని పేజీకి ర్యాంకు అన్న మాటే ఉండదు. ఒక్క నిమిషం పట్టే ఈ పని చెయ్యకుండా నెలల తరబడి డబ్బు ఖర్చు పెట్టినవాళ్ళను చూస్తే బాధేస్తుంది.

సెర్చ్ కన్సోల్‌లో (సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సాధనం) మీ సైటు ఇప్పటికే నమోదై ఉందనీ, వర్డ్‌ప్రెస్‌లోకి లాగిన్ అయి సెట్టింగులు మార్చడం వచ్చనీ అనుకునే రాస్తున్నాను.

సమస్య: ఏ పేజీ వెతికినా రావడం లేదు

సెర్చ్ కన్సోల్ తెరిచి, పైన ఉన్న పెట్టెలో పేజీ పూర్తి చిరునామా అతికించండి. దాన్నే యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ అంటారు. పేజీ గూగుల్‌లో ఉందో లేదో, లేకపోతే ఎందుకు లేదో అక్కడే రాసి ఉంటుంది. సెర్చ్‌లో "site" అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, డొమైన్ పేరు రాసి చూసేవాళ్ళున్నారు. అది ఉజ్జాయింపు మాత్రమే, అన్ని పేజీలూ చూపిస్తుందన్న హామీ లేదు.

నోఇండెక్స్ (ఈ పేజీని ఇండెక్స్‌లో పెట్టొద్దని చెప్పే ట్యాగ్) అని వస్తే వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్‌కి వెళ్ళండి. సెర్చ్ ఇంజన్లను రావద్దని చెప్పే టిక్ ఒకటి ఉంటుంది. సైటు కడుతున్నప్పుడు డిజైనర్ పెట్టి, అప్పగించేటప్పుడు తియ్యడం మరిచిపోతాడు. తీసేసి సేవ్ చెయ్యండి, అంతే.

రోబోట్స్ ఫైల్ (సైటులో ఎక్కడికి రావచ్చో, రాకూడదో సెర్చ్ ఇంజన్లకు చెప్పే ఫైల్) అడ్డుకుంటోందని వస్తే ఆ ఫైల్లో సైటు మొత్తాన్ని మూసేసిన వరుసను తీసెయ్యండి. ఈ రెండూ కలిసిన చోట జాగ్రత్త. రోబోట్స్ ఫైల్ మూసి ఉంటే గూగుల్ లోపలికి రాదు, రాకపోతే పేజీలో ఉన్న నోఇండెక్స్‌ను చదవనే చదవదు. ఒకటి సరిచేసి, రెండోది చూడకుండా లేవకండి.

సమస్య: పేజీ ఇండెక్స్‌లో ఉంది, తెలుగు మాటలతో వెతికితే రాదు

ఫోన్లో ఆ పేజీ తెరిచి, తెలుగు వాక్యం మీద వేలు నొక్కిపట్టి, కాపీ చేసి, వాట్సాప్‌లో అతికించండి. వాక్యం అసలు సెలెక్ట్ కాకపోతే అది అక్షరం కాదు, బొమ్మ. అర్థంకాని గీతలు, ఇంగ్లీషు అక్షరాలు పడితే అది డీటీపీ సెంటర్లో పాత నాన్-యూనికోడ్ ఫాంట్‌లో కొట్టిన మేటర్. పెళ్ళి కార్డు ప్రింటుకు అది చాలు. గూగుల్‌కు మాత్రం అది తెలుగే కాదు. యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయించండి, లేదా కన్వర్టర్‌లో మార్చి ఒత్తులు సరిచూసుకోండి. పట్టుచీరల ధరలు, ఆఫర్లు అన్నీ బ్యానర్ బొమ్మలోనే పెట్టి, పేజీలో ఒక్క తెలుగు వాక్యం కూడా లేని సైట్లు మన వైపు చాలా ఉన్నాయి.

సమస్య: ఇంగ్లీషు పేజీ వస్తోంది, తెలుగు పేజీ మాత్రం రాదు

దీని గురించి తీరిగ్గా చెప్పాలి. పైకి అంతా సరిగ్గానే కనిపించి, లోపల నష్టం చేసే కారణం ఇదే.

మన ఊళ్ళలో సైటు అంటే మూడు భాషలు. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు. గంజాం జిల్లా కొనుగోలుదారులు ఒడియాలో వెతుకుతారు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు నుంచి పెళ్ళి బట్టలకు బరంపురం వచ్చేవాళ్ళు తెలుగులో వెతుకుతారు. పర్లాకిమిడి దుకాణానికి పాతపట్నం, రాయగడ దుకాణానికి పార్వతీపురం కూడా అంతే. తెలుగు పేజీ రాలేదంటే సరిహద్దుకు అవతల ఉన్న సగం వ్యాపారం పోయినట్టే.

ఒక పట్టుచీరల దుకాణం పెద్దాయన నన్ను పిలిచి చెప్పిన మాట ఇది: "బాబూ, ఒడియా వాళ్ళు ఫోన్ చేస్తున్నారు, భువనేశ్వర్ నుంచి కూడా చేస్తున్నారు. మన ఇచ్ఛాపురం వాళ్ళొక్కరూ చెయ్యట్లేదు." సైటు తెరిస్తే తెలుగు పేజీలు చక్కగా ఉన్నాయి. యూనికోడ్ తెలుగే. నోఇండెక్స్ లేదు. గూగుల్‌కు పేజీల జాబితా ఇచ్చే సైట్‌మ్యాప్ ఉంది. వేగం బాగుంది. అంతకు ముందు చూసిన ఏజెన్సీ కంటెంట్ చాలదని చెప్పి ఇంకా వ్యాసాలు రాయించింది. మాఘం, ఫాల్గుణం ముహూర్తాలు అలాగే గడిచిపోయాయి.

కారణం తెలుగు పేజీ హెడ్‌లో, అంటే చదివేవాళ్ళకు కనిపించని కోడ్ భాగంలో, ఉన్న ఒక్క వరుస. కనానికల్ ట్యాగ్. అది ఇంగ్లీషు పేజీ చిరునామా చూపిస్తోంది.

ఒకే సరుకు రెండు మూడు చిరునామాల్లో ఉన్నప్పుడు అసలైనది ఏదో చెప్పడానికి 2009లో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ట్యాగ్ ఇది. మంచి పనికే తెచ్చారు. తెలుగు పేజీలో దాన్ని ఇంగ్లీషు వైపు తిప్పితే మాత్రం "నన్ను వదిలెయ్, ఆ పేజీని చూపించు" అని మనమే చెప్పినట్టు. మనింటి ఉత్తరాలు అన్నగారింట్లో ఇచ్చెయ్యమని పోస్టాఫీసులో రాసిచ్చి, ఉత్తరం రాలేదని ఎదురుచూసినట్టుంటుంది.

ఇది పట్టుబడకపోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, గూగుల్ దీన్ని మీ తప్పుగా చూపదు. సెర్చ్ కన్సోల్ పేజీల రిపోర్టులో "ఆల్టర్నేట్ పేజ్ విత్ ప్రాపర్ కనానికల్ ట్యాగ్" అనే వరుస కింద ఆ పేజీలను పెడుతుంది. చదివినవాళ్ళు అంతా సవ్యంగా ఉందనుకుని ముందుకెళ్ళిపోతారు. ఆ వరుస మీద నొక్కి, లోపల ఏ చిరునామాలు ఉన్నాయో చూడాలి. అక్కడ తెలుగు పేజీలు కనిపిస్తే సమస్య అదే. రెండోది, కనానికల్ అనేది గూగుల్‌కు ఆజ్ఞ కాదు, సూచన. కొన్ని పేజీల విషయంలో వింటుంది, కొన్నిటి విషయంలో వినదు. అందువల్ల కొన్ని తెలుగు పేజీలు వస్తూ, కొన్ని రాకుండా ఉంటాయి. అది చూసి ర్యాంకు సమస్యే అనుకుంటారు.

ఇది ఎలా దూరుతుందో కూడా తెలుసుకోండి, లేకపోతే మళ్ళీ దూరుతుంది. డిజైనర్ ముందు ఇంగ్లీషు పేజీ కడతాడు. ఎస్ఈఓ ప్లగిన్‌లో (పేజీ సెర్చ్‌లో కనిపించేందుకు వాడే ప్లగిన్) కనానికల్ గడి నింపుతాడు. తర్వాత ఆ పేజీని డూప్లికేట్ చేసి తెలుగు, ఒడియా పేజీలు తయారుచేస్తాడు. రాత మారుస్తాడు, ఫోటోలు మారుస్తాడు. ఆ గడి మాత్రం పాతదే కాపీ అయి ఉంటుంది. ఇంకొందరు తెలిసే పెడతారు. అనువాదాన్ని గూగుల్ నకలుగా లెక్కేస్తుందని భయం. ఆ భయం అక్కర్లేదు. పేజీలో అసలు విషయం వేరే భాషలో ఉంటే అది నకలు కాదు. మెనూ, ఫుటర్ మాత్రమే తెలుగులోకి మార్చి లోపలి రాత ఇంగ్లీషులోనే వదిలేస్తేనే నకలు లెక్కలోకి వస్తుంది. అలా వదిలేసిన పేజీలుంటే ముందు వాటిని నిజంగా తెలుగులో రాయించండి.

సరిచేయడం ఇలా. కంప్యూటర్లో తెలుగు పేజీ తెరిచి, పేజీ సోర్స్ చూసి, అందులో కనానికల్ (canonical) అనే మాట వెతకండి. పక్కనున్న చిరునామా ఆ తెలుగు పేజీదే అయి ఉండాలి. రెండు కనానికల్ వరుసలు దొరికితే థీమ్ ఒకటి, ప్లగిన్ ఒకటి రాస్తున్నాయని అర్థం. థీమ్‌ది తీసెయ్యండి. ప్లగిన్‌లో చేత్తో నింపిన గడిని ఖాళీ చేస్తే చాలు, మామూలుగా ప్లగినే ఆ పేజీ చిరునామాను రాస్తుంది. ఒడియా పేజీలకూ ఇదే చెయ్యండి. ఒకే పేజీ చూసి ఊరుకోవద్దు, ప్రతి భాషలో మూడు నాలుగు పేజీలైనా తెరవండి.

తర్వాత హెచ్‌రెఫ్‌ల్యాంగ్. ఈ పేజీకి తెలుగు రూపం ఇది, ఒడియా రూపం ఇది, ఇంగ్లీషు రూపం ఇది అని చెప్పే వరుసలు. మూడు పేజీల్లోనూ మూడు వరుసలూ ఉండాలి. తెలుగు పేజీ ఇంగ్లీషును చూపించి, ఇంగ్లీషు పేజీ తెలుగును చూపించకపోతే గూగుల్ ఆ జతను పట్టించుకోకపోవచ్చు. భాషా కోడ్ తెలుగుకి టీ ఈ. ఒడియాకి ఓ ఆర్. ఓ డీ అని రాసినవి చాలాచోట్ల చూశాను, అది పనిచెయ్యదు. టీ ఎల్ అని రాస్తే అది ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే టగలాగ్.

భాష మార్చే బటన్ కూడా ఒకసారి చూడండి. నొక్కితే పైన చిరునామా మారాలి. చిరునామా అలాగే ఉండి రాత మాత్రమే తెలుగులోకి మారుతుంటే గూగుల్‌కు మీ తెలుగు పేజీ లేనట్టే. బ్రౌజర్ భాషను బట్టి పేజీని దానంతటదే మార్చే ఏర్పాటు ఉంటే అదీ తీసెయ్యండి. గూగుల్‌బాట్ సాధారణంగా ఏ భాష కావాలో చెప్పకుండా వస్తుంది, ఎక్కువగా అమెరికా నుంచే వస్తుంది. దానికి ఎప్పుడూ ఇంగ్లీషే దొరుకుతుంది.

అన్నీ అయ్యాక క్యాష్ (వేగం కోసం దాచిన పాత నకళ్ళు) ఖాళీ చెయ్యండి. ప్లగిన్ క్యాష్, హోస్టింగ్ క్యాష్, సీడీఎన్ (పేజీలను వేర్వేరు చోట్ల నుంచి అందించే సర్వర్లు) ఉంటే అదీ. ఇది మరిచిపోయి, పాత ట్యాగే బయటికి వెళ్తుంటే, సరిచేసినా రాలేదని టెన్షన్ పడేవాళ్ళెందరో. లాగిన్ కాని వేరే బ్రౌజర్లో సోర్స్ మళ్ళీ చూడండి. ఆ తర్వాతే ముఖ్యమైన పేజీలకు ఇండెక్సింగ్ రిక్వెస్ట్ పెట్టండి. యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో రెండు వరుసలుంటాయి: మీరు చెప్పిన కనానికల్, గూగుల్ ఎంచుకున్న కనానికల్. రెండూ ఒకే తెలుగు చిరునామా చూపించేదాకా పని అయిపోలేదు. లైవ్ టెస్ట్‌లో గూగుల్ ఎంచుకున్నది కనిపించదు, గూగుల్ ఆ పేజీని మళ్ళీ ఇండెక్స్ చేసేవరకు ఆగాలి. కొన్ని రోజులు పట్టొచ్చు, కొన్ని వారాలు పట్టొచ్చు. ఈలోపు సెట్టింగులు మళ్ళీ కెలకొద్దు.

సమస్య: ఊరి పేరుతో వెతికితే బెంగాల్ దుకాణాలు వస్తున్నాయి

పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం పేరు కూడా ఇంచుమించు మన బరంపురం పేరే. పైగా మన ఊరి పేరే జనం రకరకాలుగా రాస్తారు: బరంపురం, బెర్హంపూర్, బ్రహ్మపుర. పేజీలో ఊరి పేరు ఒంటరిగా వదలకండి. గంజాం జిల్లా, ఒడిశా, పిన్‌కోడ్ కలిపి రాయండి. రెండు మూడు రూపాల్లోనూ పేరు వాక్యాల్లో సహజంగా రానివ్వండి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో, సైట్లో, బిల్లు మీద చిరునామా ఒకేలా ఉండాలి. ఎక్కడి నుంచి వచ్చేవాళ్ళకు దారి ఎలాగో ఒక పేరా రాస్తే ఇంకా మంచిది. ఇచ్ఛాపురం, సోంపేట పేర్లు అందులో వాటంతటవే వస్తాయి.

సమస్య: నా ఫోన్లో మొదటి స్థానం, కస్టమర్ ఫోన్లో లేదు

మీ దుకాణంలో కూర్చుని మీ సైటే రోజూ తెరిస్తే మీకు పైనే కనిపించొచ్చు. దాన్ని నమ్మకండి. సెర్చ్ కన్సోల్ పెర్ఫార్మెన్స్ రిపోర్టులో 16 నెలల లెక్క ఉంటుంది. తెలుగు మాటలతో ఫిల్టర్ చేసి, ఏ పేజీకి ఎన్ని క్లిక్కులు వస్తున్నాయో చూడండి. తెలుగు ప్రశ్నకు ఇంగ్లీషు పేజీ వస్తోందంటే మళ్ళీ కనానికల్ దగ్గరికే వెళ్ళండి.

మిగతావి

కీవర్డ్స్ మెటా ట్యాగ్‌ను ర్యాంకుకు వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది, దాని మీద సమయం పెట్టొద్దు. పేజీ నెమ్మదిగా ఉంటే ఫోటోల సైజు తగ్గించండి. అయితే ఇండెక్స్‌లోనే లేని పేజీని వేగం కాపాడదు. పోటీవాళ్ళు చెడ్డ లింకులు పెట్టి మనల్ని పడగొట్టారన్న అనుమానం దాదాపు ఎప్పుడూ నిజం కాదు. సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ (గూగుల్ వేసిన శిక్షలు), సెక్యూరిటీ ఇష్యూస్ (హ్యాకింగ్ లాంటివి) పేజీలు ఒకసారి తెరవండి. రెండూ శుభ్రంగా ఉంటే ఆ అనుమానం వదిలెయ్యండి. సైటు హ్యాక్ అయితే మీరు రాయని జపాన్ భాష పేజీలు గానీ, మందుల పేజీలు గానీ ఇండెక్స్‌లో కనిపించవచ్చు, అప్పుడు ర్యాంకు పని ఆపి హోస్టింగ్ వాళ్ళను పిలవండి.