చెన్నై కళాశాలల్లో ఫ్యాకల్టీ అడ్వైజర్‌ను ఎప్పుడు, ఎలా కలవాలి

నెల్లూరు, గుంటూరు, తిరుపతి వైపు నుంచి చెన్నైకి వచ్చి ఇంజినీరింగ్‌లో చేరిన విద్యార్థికి సాధారణంగా మొదటి సెమిస్టరులోనే ఒక అధ్యాపకుణ్ణి సలహాదారుగా కేటాయిస్తారు. ఐఐటీ మద్రాసులో ఆయనను ఫ్యాకల్టీ అడ్వైజర్ అంటారు, వీఐటీలో ప్రోక్టర్ అంటారు. కోర్సుల నమోదును పరిశీలించడం, హాజరునూ గ్రేడ్లనూ గమనించడం, చిక్కు వచ్చినప్పుడు విద్యార్థిని సరైన కార్యాలయానికి పంపడం ఆయన పని. మార్కులు పెంచడం, బ్రాంచి మార్పించడం, మరో అధ్యాపకుడు వేసిన ఆబ్సెంటును చెరిపేయడం ఆయన చేతిలో ఉండవు; తల్లిదండ్రులు మాత్రం చాలాసార్లు సరిగ్గా వీటికోసమే రైలెక్కి వస్తారు.

అడ్వైజర్‌ను కలవడానికి అన్నిటికన్నా మంచి సమయం కోర్సుల నమోదుకు వారం ముందు. సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ మండలి ఏఐసీటీఈ 2018 నమూనా పాఠ్యప్రణాళిక బీటెక్‌కు 160 క్రెడిట్లు (కోర్సు పూర్తిచేస్తే లెక్కకు వచ్చే పాయింట్లు) సూచించింది. మీ కళాశాలలో ఆ సంఖ్య ఎంతో, అందులో ఎన్ని పూర్తయ్యాయో, ఏ ఎలెక్టివ్‌లు (మనం ఎంచుకునే కోర్సులు) మిగిలాయో ఒక కాగితంపై రాసుకొని వెళ్లండి. "ఏం తీసుకోమంటారు సార్?" అని అడిగితే అందరికీ చెప్పే జవాబే వస్తుంది. "ఈ రెండింటిలో ఇది తీసుకుందామనుకుంటున్నాను, కారణం ఇది, ఆరో సెమిస్టరులో దీనివల్ల ఇబ్బంది వస్తుందా?" అని అడిగితే ఆయన కూడా కాసేపు ఆలోచించి చెబుతారు.

హాజరు లెక్క మనవాళ్లను ఎక్కువగా దెబ్బతీస్తుంది. వారానికి మూడు గంటల సబ్జెక్టుకు 15 వారాల్లో 45 తరగతులు జరుగుతాయి. 75 శాతం నిబంధన ప్రకారం 34 తరగతులకు హాజరు కావాలి, అంటే మానగలిగేవి 11 మాత్రమే. తమిళనాట దసరాకు ఆయుధపూజ, విజయదశమి రెండు రోజులే సెలవు కనుక, ఊళ్లో పది రోజులు ఉండి వస్తే ఒక్కో సబ్జెక్టులో మూడు నాలుగు తరగతులు పోతాయి. అన్నా విశ్వవిద్యాలయ నిబంధనల్లో 65 నుంచి 75 శాతం మధ్య ఉన్నవారికి అనారోగ్యం వంటి కారణాలపై మినహాయింపు ఉంది, కానీ జ్వరం తగ్గి తిరిగివచ్చిన వెంటనే ఇచ్చిన వైద్య ధ్రువపత్రానికి ఉండే విలువ సెమిస్టరు చివర తెచ్చినదానికి ఉండదు. పోటీలకు వెళ్లినప్పుడు ఓడీ (ఆన్ డ్యూటీ, అంటే కళాశాల పనిమీద వెళ్లినట్టు లెక్క) అనుమతి కూడా ముందుగానే తీసుకోవాలి.

సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల గ్రేడ్ల సగటు, పదికి) విషయంలో ఆలస్యానికి మూల్యం ఎక్కువ. అన్ని సెమిస్టర్లలో క్రెడిట్లు సమానమనుకుంటే, నాలుగు సెమిస్టర్ల తర్వాత 6.0 ఉన్న విద్యార్థి చివరికి 7.0 చేరాలంటే మిగిలిన నాలుగింటిలోనూ సగటున 8.0 తెచ్చుకోవాలి, రెండో సెమిస్టరు తర్వాతే మేల్కొంటే 7.33 సరిపోతుంది. అరియర్లు (తప్పిన, మళ్లీ రాయాల్సిన పేపర్లు) ఉంటే ఏది ముందు రాయాలో అడ్వైజర్‌తో కూర్చొని క్రమం నిర్ణయించుకోవాలి.

తల్లిదండ్రులు చేయవలసిన మొదటి పని, కళాశాల రికార్డులో ఉన్నది తమ ఫోన్ నంబరేనా అని చూసుకోవడం. హాజరు సందేశాలు సీనియర్ అన్నయ్య ఫోన్‌కు వెళ్తున్న ఇళ్లు తక్కువేమీ కావు. రెండోది, మాట్లాడే అవకాశం ముందు పిల్లలకే ఇవ్వడం. నమోదు చేసుకునేదీ పరీక్ష రాసేదీ వారే. తమిళమూ ఇంగ్లీషూ ఇబ్బందిగా ఉంటే తెలుగు తెలిసిన అధ్యాపకుణ్ణి పక్కన ఉంచమని ముందుగా ఫోన్‌లో కోరండి. హాజరు తగ్గిన అబ్బాయినే దుబాసీగా పెట్టుకుంటే అడ్వైజర్ చెప్పిన దాంట్లో సగమే మీ చెవిన పడుతుంది.

కలిసివచ్చిన రోజే, అనుకున్నవాటిని నాలుగు వాక్యాల్లో అడ్వైజర్‌కు మెయిల్ చేయండి. సమస్య అక్కడ తేలకపోతే విభాగాధిపతిని కలవాలి, అక్కడా తేలకపోతే యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2023 నిబంధనల ప్రకారం ఏర్పడిన విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాయాలి. కమిటీ నిర్ణయం న్యాయంగా లేదనిపిస్తే అలాంటి అప్పీళ్లు వినే అధికారి అయిన అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆ మెట్లు ఎక్కేటప్పుడు మొదట అడిగేది ఆ మెయిలే.