తూలుతున్న జంతువు తాగింది కాదు: ఇప్పపూల కాలంలో జాగ్రత్తలు

పది రోజులుగా మా వైపు ఫోన్లన్నిట్లో ఒకటే వీడియో తిరుగుతోంది. ఇప్పచెట్టు కింద ఒక గుడ్డేలుగు తల దించుకుని అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. తీస్తున్నవాడు దానికి ముప్పై అడుగుల దూరంలో కూడా ఉండడు. వెనక నుంచి ఎవరో నవ్వుతూ, "ఫుల్లుగా కొట్టింది రా" అంటాడు. మా మనవడు కూడా నాకు చూపించి నవ్వాడు.

పోయిన వారం పక్క ఊళ్లో పువ్వు ఏరుతున్న ఒకావిడ మీద ఎలుగు పడింది. చెంప, ఒక చెవి, నెత్తి మీద తోలు పోయాయి. ప్రాణం దక్కింది. ఆమెతో వెళ్లిన కుర్రవాడు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నాతో అన్న మాట ఒక్కటే: "మత్తుల ఉందనుకున్నం సార్."

నేను ఆదిలాబాద్ ఏజెన్సీలో పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. చీకట్లో ఒంటరిగా పోవద్దు, కర్ర పట్టుకో, టార్చి పట్టుకో లాంటివి ఇక్కడ రాయను. అవి మీ తాతలకే తెలుసు. నేను చెప్పేది ఒక్క తప్పు గురించి. జంతువు తూలితే, పడుకుంటే, మనిషిని చూసినా కదలకపోతే "తాగిందిలే" అనుకోవడం. ఈ ఒక్క మాట వల్ల ఎద్దులు పోయాయి, మనుషుల మొహాలు పోయాయి.

ముందు పువ్వు సంగతి

చెట్టు మీంచి రాలిన ఇప్పపువ్వులో సారా ఉండదు. ఉండేది చక్కెర. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. అందుకే ఉట్నూరు వైపు ఆడవాళ్లు దాంతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. అది సారా కావాలంటే నీళ్లలో రోజుల తరబడి నానాలి, పులియాలి, కాగాలి. రాత్రి రాలిన పువ్వును తెల్లారకముందే తినే ఎలుగుకు అంత వ్యవధి ఎక్కడిది? మీరు చూసే ఎలుగు నూటికి తొంభై సార్లు పూర్తి స్పృహలో ఉన్న ఎలుగు. అది తాగలేదు, తింటోంది.

మరి జంతువులకు మత్తే తెలియదా అంటే, తెలుసు. కుప్పింటాకు వేరు పీకి పడేస్తే పిల్లి దాని మీద పడి దొర్లడం మీరు చూసే ఉంటారు. మలయాళంలో ఆ మొక్కను 'పూచమయక్కి' అంటారట, పిల్లిని మైకంలో పడేసేదని. మలేషియా అడవుల్లో ఈకలాంటి తోక ఉండే ఒక చిన్న జంతువు రాత్రంతా పులిసిన తాటిజాతి పూతేనె తాగుతుంది. అందులో సారా 3.8 శాతం దాకా ఉంటుందని, అంటే దాదాపు బీరంత, 2008లో లెక్కగట్టారు. అయినా అది తూలదు. తూలితే రాత్రి ఏ పామో మింగేస్తుంది కదా.

మనిషికీ చింపాంజీకీ గొరిల్లాకీ సారాను అరిగించే ఒక జన్యువు మారి, ఆ పని నలభై రెట్లు చురుగ్గా సాగుతుంది. ఏనుగు, గుర్రం, ఆవు జాతుల్లో అదే జన్యువు పాడైపోయిందని 2020లో ఒక పరిశోధన తేల్చింది. అంటే మన తాగుడును కొలబద్దగా పెట్టి జంతువును కొలవకూడదు. మనకు ఎక్కినట్టు దానికి ఎక్కదు, మనకు దిగినట్టు దానికి దిగదు.

పశువులు

నేను ఎక్కువ చూసింది ఇదే కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను.

నాలుగైదేళ్ల కిందట చైత్రమాసంలో ఒక రైతు కాడెద్దు కట్టు తెంపుకుని, కొట్టం వెనక ఎండబెట్టిన పువ్వు గోనెసంచి చింపి తిన్నది. ఎంత తిన్నదో ఎవరూ చూడలేదు. సంచి సగం ఖాళీ. సాయంత్రానికి ఎద్దు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది, నాలుగడుగులు వేసి తూలింది. మూతి దగ్గర ముక్కు పెడితే పుల్లటి కల్లు వాసన. ఇంకేం కావాలి? ఊరంతా వచ్చి నవ్వారు. ఎవరో ఫోన్ తీశారు. ఒక పెద్దమనిషి, తాగినవాడికి ఏం పోస్తామో అదే పోయమన్నాడు. చింతపండు పులుసు, నిమ్మకాయ పిండిన మజ్జిగ కలిపి గొట్టంతో రెండు లీటర్లు పోశారు. రాత్రికి ఎద్దు తల డొక్కవైపు తిప్పుకుని పడుకుంది. "నిద్రపోయింది, పొద్దునకు దిగుతుంది" అని వాళ్లూ పడుకున్నారు.

నేను వెళ్లేసరికి పొద్దున ఏడున్నర. కళ్లు గుంటల్లోకి పోయాయి. తోలు పట్టి లాగితే వెనక్కి పోవడం లేదు. పెండ నీళ్లలా, నురగ పట్టి, పులిసిపోయి ఉంది. మధ్యాహ్నానికి పోయింది. రెండోది ఒంటెద్దు అయిపోయింది, ఆ ఏడు అతను దున్నకానికి ట్రాక్టరు అద్దెకు తెచ్చుకున్నాడు.

అది తాగలేదు. పశువు పెద్దపొట్టలో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులుంటాయి. ఒక్కసారి గంపెడు చక్కెర పడితే అక్కడ ఆమ్లం తయారుచేసేవి చెలరేగుతాయి. పొట్ట పుల్లబడుతుంది, ఒంట్లో నీళ్లన్నీ పొట్టలోకి లాక్కుపోతాయి, ఆమ్లం రక్తంలోకి ఎక్కుతుంది. తూలడం అందుకే. కల్లు వాసన అందుకే. ఆ పొట్టలోకి మళ్లీ చింతపండు, నిమ్మకాయ, మజ్జిగ! చెప్తుంటేనే నాకు బీపీ పెరుగుతుంది.

గుప్పెడు పువ్వు పశువుకు మేతే. గంపెడు పువ్వు విషం. ఎండిన పువ్వు పచ్చిదానికంటే ప్రమాదం, ఎందుకంటే అదే చక్కెర చిన్న మూటలో ఉంటుంది.

చూడాల్సినవి: నెమరు ఆగిపోవడం, ఎడమ డొక్క ఉబ్బడం, పళ్లు కొరకడం, పుల్లటి నీళ్ల పెండ, తల డొక్కకు ఆనించి పడుకోవడం. ఈ చివరిది నిద్ర కాదు. మళ్లీ చెప్తున్నా, నిద్ర కాదు. తిన్న కొద్ది గంటల్లోపు డాక్టర్ చేతికి అందితే పశువు బతకొచ్చు. "దిగుతుందిలే" అని తెల్లారేదాకా ఆగితే చాలావరకు బతకదు.

పువ్వు తిన్నదని తెలియగానే మిగతా పువ్వు దూరంగా తీసేయండి, ముందు ఎండుగడ్డో చొప్పో వేయండి. బకెట్ల కొద్దీ నీళ్లు ఒకేసారి పెట్టొద్దు. పుల్లటిది ఏదీ పోయొద్దు. తూలుతున్నదానికి, పడుకున్నదానికి గొట్టంతో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తినే సోడా ఎంత ఇవ్వాలో ఫోన్‌లో డాక్టర్ చెప్తేనే ఇవ్వండి.

ఎక్సైజ్ వాళ్లు పారబోసిన బెల్లం ఊట గుంటలు, సారా కాచాక పడేసిన పిప్పి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఆ దారిన మేపొద్దు.

ఎలుగు

ఎలుగుకు చూపు తక్కువ, వినికిడీ అంతంతమాత్రం, వాసన మాత్రం గట్టిది. తల నేలలో పెట్టి ముక్కుతో పీలుస్తూ తింటుంటే మీరు పది అడుగుల దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియకపోవచ్చు. బయటినుంచి చూసేవాడికి అది "పట్టించుకోవడం లేదు, మత్తులో ఉంది" అన్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది మిమ్మల్ని చూడలేదు. చూసిన క్షణం ఉలిక్కిపడి రెండు కాళ్ల మీద లేస్తుంది. ఆ ఎత్తులో దాని గోళ్లకు అందేది మీ మొహం.

ఇంకో సంగతి. ఎలుగు పిల్లలు పుట్టేది చలికాలంలో. తల్లి వీపెక్కి గుహలోంచి బయటికొచ్చేది సరిగ్గా పువ్వు రాలే రోజుల్లో. పిల్లల తల్లి పారిపోదు.

పువ్వు రాలేది రాత్రి నుంచి తెల్లవారేదాకా. మనం వెళ్లేదీ, అది వచ్చేదీ అప్పుడే. కాబట్టి వెలుగు పడ్డాక వెళ్లండి. గంటసేపు ఆలస్యమైతే పువ్వు కొంత పోతుంది, పోనివ్వండి. చెట్టు చేరేముందు ఆగి వినండి. ఎలుగు తినేటప్పుడు చేసే పీల్పు శబ్దం చాలా దూరం వినిపిస్తుంది. మీరు మాట్లాడుతూ, కర్రతో చెట్టుమీద కొడుతూ వెళ్లండి. దూరం నుంచి వినిపిస్తే అదే తప్పుకుంటుంది. పువ్వు బాగా కనబడాలని చెట్టు కింద ఆకులు తగలబెట్టడం మాత్రం వద్దు. ఊడ్చి, పాత చీరలు గానీ వల గానీ పరిస్తే పువ్వు దానంతటదే అందులో పడుతుంది, మీరు వంగి గంటల తరబడి ఏరే పని ఉండదు. వంగి ఉన్న మనిషే ఎక్కువగా దెబ్బ తింటాడు.

ఎదురుపడితే పరుగెత్తొద్దు, అది మీకంటే వేగం. చెట్టెక్కొద్దు, అది మీకంటే బాగా ఎక్కుతుంది. మొహం దానివైపే ఉంచి మెల్లగా వెనక్కి జరగండి. మీద పడితే బోర్లా పడుకుని మెడ వెనక చేతులు కట్టుకోండి, మొహం నేలకు ఆనించండి. కుక్కను వెంట తీసుకుపోవద్దు. అది ఎలుగును లేపి, నేరుగా మీ కాళ్ల దగ్గరికే పరిగెత్తుకొస్తుంది.

ఏనుగులు, నక్కలు, మిగతావి

2022 నవంబరులో ఒడిశాలోని కెందుఝర్ జిల్లాలో ఇప్పపువ్వు నానబెట్టిన కుండలు పగిలిపోయి, పక్కనే 24 ఏనుగులు పడుకుని కనిపించాయి. తాగి పడుకున్నాయని దేశమంతా నవ్వింది. తాగాయో, ఊరికే విశ్రాంతి తీసుకుంటున్నాయో చెప్పలేమని అటవీ సిబ్బందే అన్నారు. డప్పులు కొట్టి లేపి పంపారు. అంతకుముందు ఊళ్లోవాళ్లే దగ్గరికెళ్లి లేపాలని చూశారట. నాకు వణుకు పుట్టింది ఆ మాటకే. 24 ఏనుగుల మధ్యలోకి "మత్తులో ఉన్నాయి" అన్న ధైర్యంతో! ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులు కొన్నేళ్లుగా పార్వతీపురం మన్యంలోనే తిరుగుతున్నాయి. అక్కడివాళ్లు ఊట కుండ ఇంట్లోనూ చేను గట్టు మీదా పెట్టొద్దు. ఆ వాసనకు అవి గోడలు కూల్చి వస్తాయి.

తూలే కుక్క, తూలే నక్క సంగతి వేరే. కల్లు కుండలో మూతి పెట్టిందనుకుంటారు. నోరు వేలాడేసి చొంగ కారుస్తూ, వెనక కాళ్లు ఈడుస్తూ, పగటిపూట ఊళ్లోకి వచ్చిన నక్కను రేబిస్ ఉన్నదిగానే చూడాలి. పశువుకూ రేబిస్ వస్తుంది. చొంగ కారుస్తూ వింతగా అరిచే ఆవు గొంతులో ఏదో ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టినవాళ్లను నేను చూశాను. వాళ్లందరికీ సూదులు వేయించాల్సి వచ్చింది.

ఇక మిగిలినవి వరసగా రాస్తున్నా. ఇంటిగోడకు అంటించుకోండి.

తూలే జంతువు దగ్గరికి పోవద్దు.

తూలే పశువు నోట్లో వట్టి చెయ్యి పెట్టొద్దు.

రాళ్లు వేయొద్దు. లేస్తుందేమో చూద్దామని కర్రతో పొడవొద్దు.

సెల్ఫీ వద్దు. జూమ్ ఉంది కదా అని పది అడుగులు ముందుకేయొద్దు.

పిల్లల్ని పువ్వుకు పంపొద్దు. బడి లేదని కూడా పంపొద్దు.

ఎండబెట్టిన పువ్వు సంచులు నేలమీద పెట్టొద్దు. కొట్టానికి ఆనించి అసలే పెట్టొద్దు. అటక మీద పెట్టండి, తలుపుకు గొళ్లెం వేయండి.

కొండముచ్చు తిన్నదని అడవికాయ నోట్లో పెట్టొద్దు. ముష్టికాయ గుజ్జు అది తింటుంది, ఆ గింజ మనిషిని చంపుతుంది.

పిల్లి దొర్లిందని కుప్పింటాకు కషాయం తాగొద్దు. పుట్టుకతో జి6పీడీ ఎంజైము తక్కువున్నవాళ్లకు ఆ ఆకుతో రక్తకణాలు పగిలిపోయిన కేసులు శ్రీలంక డాక్టర్లు చూశారు. ఆ లోపం మన ఏజెన్సీలోనూ ఉంది.

కుక్క, నక్క, ఎలుగు, ఏది కరిచినా, గీరినా సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, ఆకు పసరు వద్దు. ఎలుగు గాయానికి కూడా రేబిస్ సూది వేయించుకోవాలి. కుట్లు వేశాక ఈ సంగతి మర్చిపోతున్నారు.

మనిషికి గాయమైతే 108. అదే రోజు అటవీ సిబ్బందికి చెప్పి రాయించుకోండి. లేకపోతే పరిహారం కోసం ఏడాది తిరుగుతారు.

మీరు తాగి పువ్వుకు వెళ్లొద్దు. ఎలుగు తాగిందేమోనని చర్చ చేసే గుంపులో తాగింది చాలాసార్లు మనమే.

పశువు కింద పడితే వీడియో తీసేముందు పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి. ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎన్ని గంటలైంది, ఈ మూడూ చెప్పండి. "తాగింది" అని మాత్రం చెప్పకండి. ఆ మాట వింటే అవతలివాళ్లూ తొందరపడరు.