ఆకును చదవడం – 4వ పాఠం: వేరుశనగలో ఇనుప ధాతు లోపం

పోయిన పాఠంలో వరిలో జింకు లోపం ముదురాకుల్లో మొదలవడం చూశాం. ఇనుముది ఎదురు దారి. పాత ఆకులో చేరిన ఇనుము చిగురుకు సులభంగా కదలదు. అందుకే కింది ఆకులు పచ్చగానే ఉండి, పైన కొత్తగా విచ్చినవి పాలిపోతాయి.

లేత ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే ఇనుము లోపం. ఈనెలతో సహా పసుపైతే గంధకాన్ని అనుమానించాలి. ముదురాకులే ముందు పాలిపోతే నత్రజని చాలడం లేదు.

ఆకుకు పచ్చరంగునిచ్చే పత్రహరితం అణువు నడుమ ఉండేది మెగ్నీషియం, ఇనుము కాదు. అయినా ఇనుము లేనిదే పత్రహరితం తయారవదు. పైగా వెలుతురు శక్తితో కదిలే ఎలక్ట్రాన్లను అందిపుచ్చుకునేదీ ఇనుమే. ఆకులో వెలుతురును పట్టి వాడే ప్రోటీన్ల కూటమి ఫోటోసిస్టమ్-1, ఒక్కోదానిలోనే 12 ఇనుము పరమాణువులుంటాయి. అంటే పసుపు ఆకు వెలుతురును తక్కువగా పడుతుంది, పట్టినదాన్నీ సరిగా వాడుకోలేదు. లోపం ఇనుముదైనప్పుడు, పసుపు కనబడగానే నత్రజని కోసం యూరియా చల్లితే డబ్బు దండగ.

రాయలసీమలో సున్నం ఎక్కువున్న నేలల్లో ఈ లోపం తరచూ వస్తుంది. ఆ నేలల్లో ఇనుముకు కొదవ లేదు, కరగని రూపంలో బిగుసుకుపోయి ఉంటుంది, అంతే. వానకు నీరు నిలిస్తే, ఇనుమును మొక్కకు అందనివ్వని బైకార్బొనేట్లు అనే లవణాలు పెరిగి పరిస్థితి ఇంకా దిగజారుతుంది. ముందు కాలువ తీసి నీరు పోనివ్వండి. అన్నభేదిని (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుమున్న లవణం) నేలలో చల్లినా అదీ బిగుసుకుంటుంది కాబట్టి ఆకు మీదే పిచికారి చేయాలి.

మందు కొనేముందు ఒక పరీక్ష. లీటరు నీటిలో 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), తర్వాత 5 గ్రాముల అన్నభేది కరిగించి, నాలుగైదు పసుపు ఆకులకు దూదితో పూసి గుర్తు పెట్టుకోండి. వారంలో పూసినచోట పచ్చబడితే నిర్ధారణ అయినట్టే.

ఎకరాకు 200 లీటర్ల నీరు, 200 గ్రాముల నిమ్మ ఉప్పు, కిలో అన్నభేది సరిపోతాయి. 16 లీటర్ల ట్యాంకుకైతే 16 గ్రాముల నిమ్మ ఉప్పు, 80 గ్రాముల అన్నభేది. ప్లాస్టిక్ డ్రమ్ములో కలిపి, సాయంత్రం చల్లబడ్డాక చిగుళ్లు తడిసేలా కొట్టండి. వారం తేడాతో రెండోసారి తప్పనిసరి, ఎందుకంటే మధ్యలో వచ్చిన కొత్త ఆకులకు మొదటి పిచికారి అందదు.

అన్నభేది పలుకులు లేత ఆకుపచ్చగా ఉండాలి. తుప్పు రంగుకు తిరిగిన సరుకు పనిచేయదు. నిమ్మ ఉప్పు వేసేది కూడా ద్రావణం అలా తిరగకుండా ఉండటానికే. కలిపిన నీళ్లు నారింజ రంగుకు మారితే పారబోయండి. మీ బోరు నీటిలో క్షారం ఎక్కువని లెక్క, వాన నీరో చెరువు నీరో వాడండి. పురుగు మందులు, డీఏపీ ఇందులో కలపవద్దు.

వచ్చే పాఠానికి ముందు మీ చేలో పది మొక్కల చిగురాకు, ముదురాకు పక్కపక్కన పెట్టి ఫొటోలు తీసుకోండి. బోరాన్ పాఠంలో అవి కావాలి.